బిగ్ స్టార్ ‘రేడియో సిటీ’: ఆలస్యంగా విన్నవారి అనుభవాలు

గ్రామఫోను ప్లేటు:
అమెరికాలోని మెంఫిస్ నగరానికి చెందిన రాక్ బృందం బిగ్ స్టార్ 1974లో విడుదల చేసిన ‘రేడియో సిటీ’ ఆల్బమ్‌ను గత నెలలోనే మొదటిసారి ఆసాంతం విన్నాను. అందులోని ‘సెప్టెంబర్ గర్ల్స్’ను 1986లో బ్యాంగిల్స్ బృందం పాడగా విని, అది వారి సొంత పాటేనని ఇన్నేళ్లూ నమ్మినందుకు కొంచెం సిగ్గుగా ఉంది. మూడు నిమిషాలైనా లేని ఆ పాటలో గిటారు గుడిగంటలా ఖంగుమంటుండగా, బిగ్ స్టార్ గాయకుడు అలెక్స్ చిల్టన్ గొంతు ఏడుపును దిగమింగుకున్నట్లు వినిపిస్తుంది. ఇంత చక్కని ఆల్బమ్ అప్పట్లో ఎందుకు అమ్ముడుపోలేదో తెలిసినవారు చెప్పగలరు.

తీగ సవరణ:
ప్లేటు గారూ, లోపం పాటల్లో లేదు, సరుకు అంగడికి చేరకపోవడంలో ఉంది. బిగ్ స్టార్ ఆల్బమ్‌లను వెలువరించిన ఆర్డెంట్ సంస్థ రికార్డులను పంపిణీ చేసే బాధ్యత సోల్ సంగీతానికి పేరుపడిన స్టాక్స్ సంస్థది కాగా, బృందం 1972 నాటి తొలి ఆల్బమ్‌ను పత్రికలు మెచ్చుకున్నా అది దుకాణాల్లో సరిగా దొరకలేదు. ఆ తర్వాత స్టాక్స్ తన పంపిణీని కొలంబియా రికార్డు సంస్థకు అప్పగించింది. కానీ ఆ ఒప్పందం కుదిర్చిన కొలంబియా అధిపతి క్లైవ్ డేవిస్ 1973లో పదవి కోల్పోవడంతో రెండు సంస్థలకూ పొత్తు చెడి, ‘రేడియో సిటీ’ ఆ తగవులో నలిగిపోయింది. పదహారేళ్లకే బాక్స్ టాప్స్ బృందంలో ‘ద లెటర్’ పాడి, 1967లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానం చూసిన చిల్టన్‌కు ఇది ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. అన్నట్టు, బృందం పేరు స్టూడియో సమీపంలోని పచారీ దుకాణం నుంచి తీసుకున్నదే.

రెండో గొంతు:
నా ఓటు తొలి ఆల్బమ్‌కే. అప్పట్లో బృందంలో ఉన్న క్రిస్ బెల్, చిల్టన్ గొంతులు కలిసినప్పటి నిండుదనం, బెల్ వెళ్లిపోయాక ముగ్గురే మిగిలి చేసిన ‘రేడియో సిటీ’లో లేదు. బెల్ 1978లో, ఇరవై ఏడేళ్లకే, కారు ప్రమాదంలో మరణించారు.

తీగ సవరణ:
ఆ వెలితే నాకు ఇష్టం. ‘రేడియో సిటీ’లోని ‘డైసీ గ్లేజ్’ పాట నీరసంగా నడుస్తూ నడుస్తూ, సగం దాటాక జోడీ స్టీఫెన్స్ డ్రమ్ముల దెబ్బతో ఒక్కసారిగా పరుగందుకునే చోటును నునుపుగా చెక్కి ఉంటే ఆ అదురు మిగిలేదా?

పాత సీడీలు:
నేను టెక్సాస్‌లో చదువుకునే రోజుల్లో, రెండు ఆల్బమ్‌లనూ కలిపి వేసిన సీడీని ఒక సెకండ్‌హ్యాండ్ దుకాణంలో కొన్నాను. ‘రేడియో సిటీ’ అట్ట చాలా కాలం తర్వాత ఎల్‌పీ మీద పెద్దదిగా చూశాను: నెత్తురు రంగు పైకప్పు, నడిమధ్యన బోడి బల్బు, దాని చుట్టూ పాకిన తెల్లటి వైర్లు. విలియం ఎగిల్‌స్టన్ తీసిన ఆ ఫొటో చూస్తూ వింటే, రెండు నిమిషాలైనా లేకుండా ఒక్క గిటారుతో చిల్టన్ పాడే చివరి పాట ఆ గదిలోనే కూర్చుని పాడినట్లు అనిపించింది. రెండో గొంతు గారు ఆ ఒక్క పాటకైనా మరో అవకాశం ఇవ్వాలని కోరుతున్నాను.

రెండో గొంతు:
ఇచ్చాను. ఆ పాట వరకు ఒప్పుకుంటున్నాను.