అప్‌డేట్: మెనింజైటిస్ తగ్గాక బాబు పిలిస్తే పలకట్లేదు – కారణం తెలిసింది

బ్యాక్టీరియల్ మెనింజైటిస్ (మెదడు పొరలకి వచ్చే ఇన్ఫెక్షన్) నుంచి కోలుకున్న మా రెండేళ్ల బాబు పిలిచినా తిరిగి చూడట్లేదని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలండీ. బెరా టెస్ట్ (శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందిస్తున్నాయా అని చూసే పరీక్ష) చేయించమన్న మాటే పనికొచ్చింది. విజయవాడలోనే సిరప్‌తో నిద్రపుచ్చి చేశారు. 90 డెసిబెల్స్ అంత పెద్ద శబ్దానికి కూడా రెండు చెవుల్లో స్పందన లేదు. అంటే పలకకపోవడానికి కారణం మేం అనుమానించిన గులిమో, ఆటిజమో కాదు, వినికిడి పోవడమే.

అసలు తొందర ఎందుకంటే, ఈ జబ్బు తర్వాత లోపలి చెవిలోని కాక్లియా పీచు కట్టి, మెల్లగా ఎముకలా గట్టిపడొచ్చు. అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో పెట్టి, శబ్దాన్ని నేరుగా వినికిడి నరానికి అందించే పరికరం) ఎలక్ట్రోడ్ తీగ లోపలికి దూరదు. సీటీలో ఎముక కనిపించకపోయినా, ఎమ్మారైలో కాక్లియా లోపలి ద్రవం తగ్గడం ముందే దొరికింది. అందుకే వినికిడి మిషన్‌తో నెలల తరబడి ఆగకుండా రెండు వైపులా ఇంప్లాంట్ పెట్టారు. స్విచాన్ అయ్యాక కుక్కర్ విజిల్‌కి తల తిప్పుతున్నాడు. మాటలకు థెరపీ నడుస్తోంది.

మెనింజైటిస్ వచ్చిన పిల్లలకి డిశ్చార్జికి ముందే, కుదరకపోతే 4 వారాల్లోపు, వినికిడి పరీక్ష అడిగి మరీ చేయించండి.