మళ్లీ కట్టుకుంటున్న టీమ్ కావాలని ఓడిపోవచ్చా?

మూడో వరస సీటు:

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఓక్లహోమా సిటీ 2025 జూన్‌లో కప్పు గెలిచింది. "చూశారా, నాలుగేళ్ల కిందట అన్ని మ్యాచ్‌లు ఓడబట్టే ఇవాళ ఈ కప్పు" అనే మాట అప్పుడే అంతటా వినిపిస్తోంది. ఈ సంగతి మన అభిమానుల గ్రూపులో ఒకసారి గట్టిగా మాట్లాడుకుందామని రాస్తున్నాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఎన్‌బీఏలో ప్లేఆఫ్స్‌కి, అంటే కప్పు కోసం ఆడే ఆఖరి పోటీలకి, చేరని 14 టీమ్‌లకి లాటరీ తీస్తారు. కాలేజీల నుంచి, బయటి దేశాల నుంచి వచ్చే కొత్త కుర్రాళ్లలో మొదట ఎవరు ఏరుకోవాలన్నది ఆ లాటరీతో తేలుతుంది. ఆ ఏరుకోవడమే డ్రాఫ్ట్, అందులో ఒక్కో వంతు ఒక్కో పిక్. ఎక్కువ ఓడినవాళ్లకి ఎక్కువ ఛాన్స్. అందుకని ఈ ఏడాది మనది కాదు అనుకున్న టీమ్‌లు ఫిబ్రవరి దాటాక కావాలని ఓటమికి ఒడిగడతాయి. దీన్నే ట్యాంకింగ్ అంటున్నాం.

నాకు జరిగింది చెబుతాను. టీమ్ పేరు రాయను. మార్చిలో మా అక్కావాళ్లు ఇండియా నుంచి వచ్చారు. మేనల్లుడికి పన్నెండేళ్లు, వాడికి ఈ ఆటంటే ప్రాణం. నెల ముందే నాలుగు టికెట్లు కొన్నాను, వాడికిష్టమైన ఆటగాడి పేరున్న చొక్కా కూడా కొనిచ్చాను. కారు పార్కింగ్‌లో పెడుతుంటే వాడే ఫోన్‌లో చూసి చెప్పాడు, ఆ ఆటగాడు ఇవాళ లేడని. కారణం విశ్రాంతి. ఆ కింద ఇంకో ముగ్గురి పేర్లు. లోపలికి వెళ్లేసరికి అదే ఆటగాడు వార్మప్‌లో మూల నుంచి వరసగా మూడు పాయింట్ల షాట్లు వేస్తున్నాడు. ఒంట్లో నలత ఏమీ కనిపించలేదు. ఆట మొదలయ్యాక టీషర్ట్ వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. అయినా మిగిలిన కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడారు. మూడో క్వార్టర్‌లో తొమ్మిది పాయింట్లు పైన ఉన్నాం. అప్పుడు కోచ్ బాగా ఆడుతున్న ఇద్దరిని పక్కన కూర్చోబెట్టాడు, ఆఖరి దాకా మళ్లీ దింపలేదు. ఆరు పాయింట్లతో ఓడిపోయాం.

తిరిగొస్తున్నప్పుడు వాడేమీ అనలేదు. జాకెట్ జిప్పు మెడ దాకా లాక్కున్నాడు, చొక్కా మీది పేరు కనపడకుండా.

బలం చాలక ఓడితే నాకు ఏ బాధా లేదు. గెలవగలిగిన మ్యాచ్‌ని చేతులారా వదిలేయడం తప్పు, అంతే నేను చెప్పేది. మీరేమంటారు?

తెల్లవారు ఐదున్నర:

అన్నా, మీ మేనల్లుడి సంగతి చదివి మనసు కలుక్కుమంది. కానీ నేను అవతలి పక్షం. డ్యురాంట్ ఓక్లహోమాకి ఆడిన రోజుల నుంచి ఆ టీమ్ అభిమానిని. హైదరాబాద్‌లో తెల్లవారకముందే లేచి, ఇంట్లోవాళ్ల నిద్ర పాడవకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసేవాణ్ణి.

లాస్ ఏంజెలెస్‌కి, మయామీకి పెద్ద ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఓక్లహోమాకి ఎవరొస్తారు? అలాంటి ఊరికి డ్రాఫ్ట్ తప్ప దారి లేదు. 2020-21లో 72 మ్యాచ్‌ల్లో 22 గెలిచాం, ఆ తర్వాతి ఏడాది 82లో 24. 2021 డిసెంబర్‌లో మెంఫిస్ చేతిలో 152-79తో ఓడాం. 73 పాయింట్ల తేడా, ఎన్‌బీఏ చరిత్రలోనే అంత పెద్ద ఓటమి లేదు. ఆ రోజు ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. కానీ ఆ సీజన్ ఓటముల వల్లే రెండో పిక్ వచ్చింది, దానితో చెట్ హోమ్‌గ్రెన్ వచ్చాడు. ఈ ఏడాది 68 మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఇండియానాని ఓడించి కప్పు పట్టుకున్నాం. రైతు కూడా ఒక ఏడు చేను బీడు పెడతాడు కదా, భూమికి సత్తువ రావాలని. ఇదీ అంతే.

మూడో వరస సీటు:

తమ్ముడూ, బీడు పెట్టిన చేనుకి ఎవరూ కౌలు వసూలు చేయరు. ఇక్కడ టికెట్, పార్కింగ్, చొక్కా అన్నీ పూర్తి రేటే. ఈ ఏడాది బీడు అని ముందే చెప్పి సగం ధరకి అమ్మమనండి, నేను ఒక్క మాట అనను.

లెక్కల పుస్తకం:

న్యాయం, అన్యాయం తర్వాత. అసలు ఓడితే ఏం వస్తోందో చూడండి.

లాటరీ మెషీన్‌లో 14 బంతులు ఉంటాయి. నాలుగు తీస్తారు. అలా 1001 కూర్పులు వస్తాయి, ఒకటి పక్కన పెట్టి మిగిలిన వెయ్యిని టీమ్‌లకి పంచుతారు. ఒకప్పుడు అట్టడుగు టీమ్‌కి అందులో 250 ఉండేవి. 2019 నుంచి అడుగున ఉన్న ముగ్గురికీ తలా 140. అంటే మొదటి పిక్‌కి 14 శాతం. అన్నిటికన్నా ఎక్కువ ఓడిన టీమ్ ఐదో పిక్‌కి జారిపోయే అవకాశం ఎంతో తెలుసా? 47.9 శాతం. దాదాపు సగం!

కొత్త పద్ధతి వచ్చాక 2025 దాకా ఏడు లాటరీలు జరిగాయి. ఒక్కసారి కూడా అట్టడుగు టీమ్‌కి మొదటి పిక్ రాలేదు. 2023లో ఫ్రాన్స్ కుర్రాడు వెంబన్యామా కోసం దేశమంతా ఎదురుచూసింది. 17 గెలుపులతో డెట్రాయిట్ అడుగున ఉంది, ఐదో పిక్ వచ్చింది. మరుసటి ఏడు వరసగా 28 ఓడి 14 గెలుపులతో ముగించింది, మళ్లీ ఐదే. ఈ ఏడాది యూటా 17 గెలుపులతో అడుగున ఉంది, దానికీ ఐదో పిక్కే. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడమే ఇది.

ఇక ఓక్లహోమా విషయం. ఐదున్నర బ్రదర్, మీ టీమ్‌లో అందరికన్నా పెద్ద ఆటగాడు షే గిల్జస్ అలెగ్జాండర్ ఓడితే రాలేదు. 2019లో పాల్ జార్జ్‌ని క్లిప్పర్స్‌కి ఇచ్చి తెచ్చుకున్నారు, ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లతో సహా. జేలెన్ విలియమ్స్ 12వ పిక్, అదీ ఆ క్లిప్పర్స్ దగ్గర నుంచి వచ్చినదే. కప్పు తెచ్చిన ముగ్గురిలో ఓటముల ఫలం హోమ్‌గ్రెన్ ఒక్కడే. ఫైనల్స్‌లో అవతల ఉన్న ఇండియానాకి కూడా పెద్ద ఆటగాడు ఓటముల వల్ల రాలేదు, 2022లో సబోనిస్‌ని ఇచ్చి హాలిబర్టన్‌ని తెచ్చుకుంది. లీగ్‌లో ఇంత పేరున్న యోకిచ్ 41వ పిక్. యానిస్ 15వ పిక్.

తెల్లవారు ఐదున్నర:

లెక్కలు ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్కడు లేకపోతే ఈ కప్పు ఉండేదా? ఇంకో మాట. పాల్ జార్జ్‌ని ఇచ్చేయడమే ఓటమికి సిద్ధపడడం. ఆ తర్వాత పెద్ద వయసు ఆటగాళ్లని పెట్టుకుని 40 గెలుపుల దగ్గర ఊగిసలాడుతూ ఉంటే కుర్రాళ్లకి ఆడే నిమిషాలు ఎక్కడివి? 2021 మార్చిలో సీనియర్ ఆటగాడు హోర్‌ఫర్డ్‌ని ఇక ఆడించం అని బయటికే చెప్పారు. నాకు అందులో మోసం కనపడలేదు. దాచకుండా చేశారు.

ఫ్రిస్కో నుంచి:

డల్లాస్ అభిమానిగా నా పరిస్థితి వేరు. మాకు రెండు రకాలుగానూ జరిగింది.

2023 ఏప్రిల్ 7, చికాగోతో మ్యాచ్. ప్లే-ఇన్‌కి, అంటే ప్లేఆఫ్స్‌లో ఆఖరి చోట్ల కోసం ఆడే మ్యాచ్‌లకి, ఇంకా దారి ఉంది. అయినా మా ఇద్దరు పెద్ద ఆటగాళ్లలో కైరీతో పాటు ఇంకొందరిని ఆడించలేదు, రెండోవాడు లూకాని రెండో క్వార్టర్ మొదట్లోనే తీసేశారు. ఎందుకంటే పాత ఒప్పందం ప్రకారం మా పిక్ మొదటి పదిలో పడకపోతే న్యూయార్క్‌కి పోతుంది. లీగ్ ఏడున్నర లక్షల డాలర్ల ఫైన్ వేసింది. కానీ పిక్ మిగిలింది. దాన్ని ఓక్లహోమాకి ఇచ్చి రెండు స్థానాలు వెనక్కి జరిగి డెరెక్ లైవ్లీని తీసుకున్నాం. మరుసటి ఏడు ఫైనల్స్ ఆడాం. ఆ ఫైన్ మాకు ఎంత చవకగా పడిందో చూడండి. లీగ్ ఫైన్‌తో ఇది ఆగదని నేననేది అందుకే.

ఇక ఈ ఏడాది. ఫిబ్రవరిలో లూకాని పంపించేశారు. ఆ ఉదయం మా ఇంట్లో ఎవరూ కాఫీ కూడా తాగలేదంటే నమ్మండి. తర్వాత గాయాలు. అయినా ఉన్నవాళ్లతో ఆఖరిదాకా గెలవాలనే ఆడి, 39 గెలుపులతో ప్లే-ఇన్‌కి వెళ్లి ఓడాం. లాటరీలో మా ఛాన్స్ 1.8 శాతం. మే 12న మొదటి పిక్ మాకే వచ్చింది, కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. యూటా ఏడాదంతా ఓడి ఐదో పిక్ తీసుకుంటే, గెలవాలని ఆడిన మాకు ఫ్లాగ్. ఇందులో నీతి వెతకను, అదృష్టం అంతే. కానీ లైవ్లీ వచ్చినప్పటి కన్నా ఫ్లాగ్ వచ్చినప్పుడు నాకు నిండుగా సంతోషం వేసింది.

బ్రాడ్ స్ట్రీట్ రైలు:

ఫిలడెల్ఫియా వాణ్ణి. ఈ చర్చ నేను లేకుండా జరగకూడదు.

2013లో మా టీమ్ జనరల్ మేనేజర్‌గా హింకీ వచ్చాడు, కావాలని ఓడి పిక్‌లు తెచ్చుకోవడమే దారి అన్నాడు. తర్వాత మూడు సీజన్లలో 19, 18, 10 గెలుపులు. చూడండి, 82లో పది! రెండు సీజన్లకి కలిపి వరసగా 28 ఓడాం. నేను అప్పుడు హింకీ పక్షమే. వాదించని పార్టీ లేదు, పోట్లాడని స్నేహితుడు లేడు. మాకు దానివల్ల ఎంబీడ్ వచ్చాడు, సిమన్స్ వచ్చాడు, ఫుల్ట్జ్ వచ్చాడు. ఎంబీడ్ మొదటి రెండు సీజన్లు పాదం గాయంతో ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2023లో ఎంవీపీ, అంటే లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. అయినా ఇన్నేళ్లలో రెండో రౌండ్ దాటలేదు. 2019లో టొరంటోలో ఏడో మ్యాచ్, ఆఖరి క్షణంలో వాళ్ల కవాయ్ వేసిన బంతి రింగ్ మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడింది. ఆ నాలుగు చప్పుళ్లు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

కానీ నేను చెప్పాలనుకున్నది ఈ వసంతం సంగతి. ఎంబీడ్ 19 మ్యాచ్‌లే ఆడాడు, సీజన్ పోయింది. మా పిక్ మొదటి ఆరులో పడితే మాది, లేకపోతే ఓక్లహోమాది. అంటే ఓడాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏ కుర్రాడైనా చివరి నిమిషంలో బుట్ట వేస్తే "అయ్యో" అని నా నోటి నుంచి వచ్చేది. మా వాడు బుట్ట వేస్తే! పక్క గదిలోంచి మా ఆవిడ వచ్చి "మనవాళ్లేగా వేసింది?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు.

24 గెలుపులతో ముగించాం. పిక్ నిలబడే ఛాన్స్ దాదాపు 64 శాతం. నిలబడింది, మూడో పిక్‌గా ఎడ్జ్‌కూమ్ వచ్చాడు. సంతోషమే. కానీ మనవాడి బుట్టకి అయ్యో అనుకున్న రెండు నెలలు మాత్రం నాకు ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. పన్నెండేళ్ల కిందట వాదించినవాణ్ణి, ఇప్పుడు వాదించను.

రిటైర్డ్ పీఈటీ:

అందరివీ చదివాను. "ఆటగాళ్లు ఓడరు, ఆఫీసు ఓడిస్తుంది" అంటారు. నిజమే, పది రోజుల కాంట్రాక్ట్ మీద ఆడే కుర్రాడు ప్రాణం పెట్టే ఆడతాడు. అయితే తనని ఎందుకు దింపారో, ఎందుకు తీశారో వాడికి తెలియకుండా ఉండదు.

నేను ఒకసారి చేశాను ఈ పని. జిల్లా స్థాయి స్కూల్ పోటీలు, మట్టి కోర్టు. ఆఖరి లీగ్ మ్యాచ్ గెలిస్తే సెమీస్‌లో గట్టి జట్టు తగులుతుంది, ఓడితే తేలికది. పిల్లల్ని పిలిచి "ఇవాళ చూసి ఆడండి" అన్నాను. అంతకన్నా ఏమీ చెప్పలేదు. వాళ్లకి అర్థమైంది. నిమిషం ఉందనగా స్కోరు సమానం. మా కెప్టెన్‌కి రెండు ఫ్రీ త్రోలు. రోజూ తెల్లవారుజామున వచ్చి యాభై వేసి గానీ ఇంటికి వెళ్లని పిల్లవాడు. గీత దగ్గర నిలబడి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. రెండూ బోర్డుకి కొట్టాడు.

కప్పు మాదే. మా స్కూలుకి వచ్చిన ఒకే ఒక్క కప్పు. ఆ పిల్లవాడు ఇప్పుడు తనూ పీఈటీ. పండక్కి వస్తాడు, గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఆ రెండు ఫ్రీ త్రోల సంగతి ఇద్దరం ఎత్తం.

తెల్లవారు ఐదున్నర:

మాస్టారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ అడుగున ఉన్న టీమ్‌కి సాయం చేయకపోతే అది అడుగునే ఉండిపోతుంది కదా. లాటరీ తీసేస్తే చిన్న ఊళ్ల గతేంటి?

లెక్కల పుస్తకం:

తీసేయక్కర్లేదు. 2024లో మొదలైన మహిళల ఐస్ హాకీ లీగ్ ఉంది, అమెరికా, కెనడా టీమ్‌లది. అక్కడ ప్లేఆఫ్ అవకాశం పోయిన రోజు నుంచి ఒక టీమ్ తెచ్చుకున్న పాయింట్లు లెక్కేస్తారు. అలా ఎక్కువ తెచ్చుకున్న టీమ్‌కే మొదటి పిక్. అంటే మార్చిలో కూడా గెలిస్తేనే లాభం.

తెల్లవారు ఐదున్నర:

నిజంగా చేతకాని టీమ్ అప్పుడూ ఓడుతుంది. పిక్ మళ్లీ బలమున్నవాడికే పోతుంది.

లెక్కల పుస్తకం:

బలహీనులు ముందే రేసులోంచి పోతారు కాబట్టి వాళ్లకి పాయింట్లు తెచ్చుకోవడానికి ఎక్కువ మ్యాచ్‌లు మిగులుతాయి. పూర్తి న్యాయం అనను. బెంచీ మీద కూర్చోబెట్టడానికి మాత్రం కారణం ఉండదు.

బ్రాడ్ స్ట్రీట్ రైలు:

దీనికి నా ఓటు. మనవాడి బుట్టకి చప్పట్లు కొట్టనిస్తే చాలు.

మూడో వరస సీటు:

మాస్టారూ, మీరు రాసింది మా మేనల్లుడికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆ పిల్లవాడు రెండో త్రో అయినా వేసి ఉండాల్సింది అన్నాడు.

వచ్చే సీజన్ టికెట్ల కోసం టీమ్ నుంచి మెయిల్ వచ్చింది. జవాబు ఇవాళే పంపాను. అక్టోబర్ నుంచి జనవరి దాకా ఆరు మ్యాచ్‌లకి కొంటాను, ఫిబ్రవరి తర్వాత ఒక్కటి కూడా కొనను అని, ఎందుకో కూడా రాశాను.