తప్పు చేసిన సహోదరుణ్ణి సరిదిద్దాలి, కానీ పోగొట్టుకోకూడదు. ఏ వరుసలో వెళ్లాలి?

ప్రశ్న – యూత్ సహవాసం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. సంఘంలో పాటలు నడిపించే ఒక తమ్ముడు ఫోన్‌లో బెట్టింగ్‌కి అలవాటుపడ్డాడు. ఇంట్లో జబ్బు అని అబద్ధం చెప్పి సహవాసంలోనే నలుగురి దగ్గర అప్పు చేశాడు. వెంటనే పాటల సేవలోంచి తీసేసి ఆదివారం అందరి ముందు చెప్పాలని కొందరు అంటున్నారు. ప్రేమ దోషాలను కప్పుతుంది కదా, ప్రార్థన చేసి ఊరుకుందామని ఇంకొందరు. ఇద్దరి దగ్గరా వాక్యం ఉంది. అడిగితే అతను "తీర్పు తీర్చకుడి" అని మత్తయి 7:1 చూపిస్తాడేమో. పెద్దలు దయచేసి వరుసగా చెప్పండి.

జవాబు – కాపరి

బ్రదర్, రెండు వర్గాలూ చేస్తున్న తప్పు ఒకటే. ఇంతవరకూ ఎవరూ ఆ తమ్ముడితో మాట్లాడలేదు. మత్తయి 18:15లో మొదటి మెట్టు "నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు". అది దాటి నేరుగా సంఘం ముందుకు వెళ్లేవాళ్లూ, అసలు మెట్టే ఎక్కనివాళ్లూ ఇద్దరూ వాక్యాన్ని పక్కన పెట్టినట్టే.

వెళ్లే ముందు ఒక కాగితం తీసుకుని రెండు వరుసలు గీయండి. ఒకవైపు మీకు ఖాయంగా తెలిసింది, రెండోవైపు ఎవరో చెప్పగా విన్నది. మాట్లాడేటప్పుడు మొదటి వరుసే వాడండి. రెండో వరుసలోంచి ఒక్కటి తప్పని తేలినా, అతను దాన్నే పట్టుకుని మిగతాదంతా కొట్టిపారేస్తాడు. అలాగే ఈ విషయాన్ని "ప్రార్థన విన్నపం" పేరుతో గ్రూపులో పెట్టకండి. సగం సంఘాలలో గోరంతలు కొండంతలయ్యేది అక్కడే.

ఒక్కరే వెళ్లండి. అప్పు ఇచ్చి కోపంగా ఉన్నవాళ్లు కాకుండా అతను నమ్మే మనిషి వెళితే మంచిది. ఆరాధన అయ్యాక గేటు దగ్గర వద్దు, మెసేజ్‌లో అసలే వద్దు. తీరిగ్గా గంటసేపు కూర్చోగల చోటు చూడండి. పావుగంట పొగిడి తర్వాత "కానీ" అనకండి. అతను ఆ పొగడ్తను కూడా ఇక నమ్మడు. మొదటి రెండు నిమిషాల్లోనే విషయం చెప్పేయండి. ఇలా అనవచ్చు: "తమ్ముడూ, నువ్వు ఆ నలుగురి దగ్గర డబ్బు తీసుకున్నది ఇంట్లో జబ్బుకి కాదని నాకు తెలిసింది. అది అబద్ధం, తప్పు. నేను నిన్ను వదిలి వెళ్లడానికి రాలేదు. ఎంత వరకూ వెళ్లిందో చెప్పు." అని ఆగండి. ఆ మౌనం ఎంత బరువుగా ఉన్నా మీరు నింపకండి. అయిదు వచనాలు చదివితే అది ప్రసంగం అవుతుంది, అతను తల దించుకుని అయ్యేదాకా ఓర్చుకుంటాడు, అంతే.

గలతీయులకు 6:1లో "మంచిదారికి తీసికొని రావలెను" అన్నచోట ఉన్న గ్రీకు క్రియే మార్కు 1:19లో జాలరులు వలలు బాగుచేసుకోవడానికి వాడారు. చిరిగిన వలను ఎవరూ గట్టిగా లాగరు, అలాగని చిరుగుతోనే నీళ్లలో వేయరు. ఒడిలో పెట్టుకుని చిరుగు ఎక్కడిదాకా ఉందో వేళ్లతో వెతికి ఒక్కొక్క ముడీ వేస్తారు. మీ పని కూడా అంత నెమ్మదిగా సాగేదే.

లేచేముందు మళ్లీ ఎప్పుడు కలుస్తారో రోజు, సమయం ఖాయం చేసుకోండి. ఇది చాలామంది మరిచిపోతారు. అతను వినకపోతే ఒకరిద్దరిని తీసుకుని వెళ్లండి. అప్పటికీ వినకపోతేనే సంఘం.

జవాబు – కౌన్సిలింగ్ పరిచర్య

పాస్టర్ గారి మాటకు డబ్బు సంగతి కలుపుతాను. ఈ అలవాటులో కనికరం అనుకుని చేసే పెద్ద పొరపాటు, అందరూ చందా వేసుకుని అప్పు తీర్చేయడం. పోయిన డబ్బు మళ్లీ ఆడి రాబట్టుకోవాలనే తపన ఈ రోగంలో ముఖ్య లక్షణం. అప్పు ఒక్కసారిగా తీరిపోతే ఆడడానికి దారి మళ్లీ తెరుచుకుంటుంది. చేతికి నగదు ఇవ్వకండి. అద్దె కట్టాలా, ఇంటివాళ్లకే కట్టండి. మందులు కావాలా, కొని ఇవ్వండి.

అప్పుల జాబితా మొత్తం రాయించండి, లోన్ యాప్‌లతో సహా. మొదటిసారి చెప్పిన అంకె సాధారణంగా పూర్తి అంకె కాదు. రెండో అంకె బయటపడినప్పుడు "మళ్లీ అబద్ధమా!" అని అరిస్తే మూడోది ఎప్పటికీ రాదు. యాప్‌లు తీసేయడం ఒక్కటే చాలదు, నిమిషంలో మళ్లీ వస్తాయి. బెట్టింగ్ సైట్లను అడ్డుకునే సాఫ్ట్‌వేర్ పెట్టించి, దాని పాస్‌వర్డ్ వేరొకరి దగ్గర ఉంచండి. కొన్నాళ్లు జీతం ఇంట్లో నమ్మకమైన వ్యక్తి చూసుకునేలా అతన్నే అడగమనండి. తిరిగి చెల్లించడం నెలకు కొంత, చిన్న మొత్తమైనా సరే, తప్పకుండా జరగాలి. లూకా 19:8లో అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్న జక్కయ్య పశ్చాత్తాపం లెక్కల్లో కనబడింది.

క్షమించారు కాబట్టి బాకీ వదిలేయమని ఆ నలుగురినీ సంఘం ఒత్తిడి చేయకూడదు. నష్టపోయింది వాళ్లు. వాళ్లమీద కూడా కనికరం ఉండాలి కదా.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముందు. బెట్టింగ్ అప్పుల్లో కూరుకుపోయినవాళ్లలో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ, అది అందరి ముందు అవమానం జరిగినప్పుడు మరీ ఎక్కువ. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంటివాళ్లకు చెప్పి అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఆదివారం ప్రకటన గురించి మాట్లాడేవాళ్లకు ఈ ఒక్క పేరా చూపించండి.

జవాబు – వాక్య ధ్యానం

మత్తయి 7:1 గురించి. అక్కడే 5వ వచనం దాకా చదవమనండి. ముందు నీ కంటి దూలాన్ని తీసివేసుకో, అప్పుడు నీ సహోదరుని కంటి నలుసు తీయడానికి నీకు తేటగా కనబడుతుంది అంటున్నాడు ప్రభువు. నలుసు వదిలేయమనలేదు. దూలం తీసుకోవడం అంటే ఇక్కడ ఏమిటంటే, వెళ్లేవాడు తన డబ్బు విషయంలో ఎక్కడ అబద్ధమాడుతున్నాడో ముందు సరిచేసుకోవడం.

ప్రేమ కప్పడం గురించి కూడా. 1 పేతురు 4:8 నన్ను నొప్పించినవాణ్ణి క్షమించి ఆ మాట ఊరంతా చాటకుండా ఉండడం గురించి. ఇంకో నలుగురు మోసపోతుంటే చూస్తూ ఊరుకోమని కాదు.

పాటల సేవ కొన్నాళ్లు ఆపించాల్సిందే. అయితే ఎందుకు, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుంటాం అన్న మూడూ అతనికి ముందే చెప్పండి. మూడు నెలలకు ఒకసారి పెద్దలు కూర్చుని చూడాలి. 1 కొరింథీయులకు 5లో తప్పు చేసిన ఒకణ్ణి పౌలు వెలివేయమన్నది అందరికీ కంఠతా వచ్చు. 2 కొరింథీయులకు 2:6-8 అంతగా తలుచుకోరు: ఆ శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే వాడు దుఃఖంలో మునిగిపోతాడు అంటున్నాడు. ఈ రెండు చోట్లా చెప్పిన మనిషి ఒక్కడేనా అన్నదానిలో వ్యాఖ్యాతలకు భేదం ఉంది, కానీ శిక్షకు ముగింపు ఉండాలన్నదానిలో సందేహం లేదు. ఆపిన తేదీ రాసుకుని, తిరిగి చేర్చుకునే సంగతి గాలికి వదిలేస్తే అది క్రమశిక్షణ కాదు.

2 సమూయేలు 12 చూడండి. పాపం చేసిన దావీదు రాజును "ఆ మనుష్యుడవు నీవే" అని గద్దించిన నాతాను ప్రవక్తనే అదే అధ్యాయం 25వ వచనంలో దేవుడు మళ్లీ పంపాడు, దావీదుకు పుట్టిన బిడ్డకు యెదీద్యా, అంటే యెహోవాకు ప్రియుడు, అని పేరు పెట్టడానికి. గద్దించిన మనిషే ఆ ఇంటికి ప్రేమ కబురు తెచ్చాడు.

జవాబు – ఒక సహోదరి

చిన్న హెచ్చరిక. ఇది చదివి ప్రతిదానికీ ఒంటరిగా వెళ్లి మాట్లాడకండి. ఇంట్లో కొట్టడం, పిల్లల మీద అఘాయిత్యం లాంటివైతే బాధితులను నిందితుడితో ఒంటరిగా కూర్చోబెట్టకూడదు. ముందు వాళ్లకు రక్షణ, వెంటనే పోలీసులు. మత్తయి 18 నేరాన్ని దాచడానికి కాదు. అలాగే బట్టలు, తిండి, పండుగ దినాల వంటి అభిప్రాయ భేదాలకు రోమీయులకు 14 ఉంది, అక్కడ ఈ మెట్లేవీ అక్కరలేదు.

మళ్లీ ప్రశ్న – యూత్ సహవాసం

అందరికీ వందనాలు. ఒకవేళ మొదటిరోజే ఏడ్చి ఒప్పుకుని, వచ్చే ఆదివారం పాడతానంటే?

జవాబు – కాపరి

కన్నీళ్లను అనుమానించకండి, వాటినే కొలతగానూ పెట్టుకోకండి. 2 కొరింథీయులకు 7:11లో దైవచిత్తానుసారమైన దుఃఖం పుట్టించేవాటిలో మొదట చెప్పినది జాగ్రత్త. ఆ నలుగురి దగ్గరకు తానే వెళ్లి అబద్ధం ఒప్పుకున్నాడా, జాబితా పూర్తిగా ఇచ్చాడా, ఫోన్ చూపించడానికి సిద్ధమా, చూడండి. వచ్చే ఆదివారం పాడనివ్వకండి. మీ పక్కన కూర్చోబెట్టుకోండి, పాటల పుస్తకం ఇద్దరూ కలిసి పట్టుకోండి. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక వాక్యం ముందే అతనితో కలిసి అనుకోండి: "కొన్నాళ్లు విరామం తీసుకుంటున్నాను, నా కోసం ప్రార్థించండి." అంతకన్నా ఎక్కువ చెప్పాలా వద్దా అన్నది అతని ఇష్టం.