నార్స్ పురాణాలకు మూలగ్రంథం ఏది? దానిని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ వాసి

అందరికీ నమస్కారం. బెంగళూరులో మా అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగు కుటుంబాల వాళ్ళం నెలకొక ఆదివారం కలుసుకొని, ఎవరో ఒకరు తాము చదివిన విషయం గురించి అరగంట చెప్పడం ఆనవాయితీ. ఈసారి వంతు నాది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి థోర్, ఓడిన్, లోకి కథలంటే ప్రాణం కాబట్టి ఆ స్కాండినేవియా పురాణాల గురించి చెబుతానని ఒప్పుకున్నాను. తీరా సిద్ధపడుతూ ఉంటే ఆ అమ్మాయే ఒక ప్రశ్న వేసింది: "నాన్నా, మనకు వేదాలు, భారతం, భాగవతం ఉన్నాయి కదా, వాళ్ళకు ఏ పుస్తకం ఉంది? అది ఎవరు రాశారు?" నాకు జవాబు తోచలేదు.

ఎడ్డా అనే పేరు, స్నోర్రి అనే పేరు మాత్రం విన్నాను. స్నోర్రి క్రైస్తవుడని చదివాక సందేహం ఇంకా పెరిగింది. తాను నమ్మని దేవుళ్ళ కథలను ఆయన ఎందుకు రాశాడు? రాసినా, సొంత కల్పన కలపలేదని ఎలా తెలుస్తుంది? దీనికి తోడు మా వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన, ఆ దేవతల వర్గాన్ని "ఏసిర్" అంటారు కాబట్టి వాళ్ళు మన అసురులేనని, ఇక్కడి నుంచి వలస వెళ్ళినవాళ్ళేనని ఒక సందేశం పంపారు. ఆదివారం ఆయన ముందు వరుసలోనే కూర్చుంటారు. తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు: తాటాకు

మీ అమ్మాయి ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాలంటే, వాళ్ళకు వేదం వంటిది లేదండి. గురువు చెబితే శిష్యుడు వల్లెవేసిన పాఠం గానీ, ఇదే ప్రమాణమని అందరూ తలవంచిన గ్రంథం గానీ ఆ మతానికి ఉన్నట్టు ఆధారం లేదు. రూన్ లిపి ఉన్నది నిజమే, కానీ దానిని రాతిమీద, కొయ్యమీద, నగలమీద నాలుగు మాటలు చెక్కడానికి వాడారు తప్ప పుస్తకాలు రాయడానికి వాడలేదు. లాటిన్ లిపి, తోలు పుటలు, పుస్తకం రాసే అలవాటు, ఈ మూడూ అక్కడికి క్రైస్తవంతోపాటే వచ్చాయి. అందువల్ల ఆ దేవతల కథలు పుస్తకానికి ఎక్కేసరికి ఆ దేవతలకు బలులు పెట్టేవాళ్ళు లేరు.

ఐస్లాండ్ 1000వ సంవత్సరం ప్రాంతంలో ఆల్థింగ్ అనే మహాసభలో క్రైస్తవాన్ని స్వీకరించింది. తీర్పు చెప్పిన ధర్మవక్త (సభలో చట్టం చెప్పే పెద్ద) థోర్గెయిర్ అప్పటికి పాత మతస్థుడే. ఆయన ఒక పగలూ ఒక రాత్రీ దుప్పటి కప్పుకొని పలకకుండా పడుకొని, లేచి వచ్చి, అందరూ కొత్త మతం తీసుకోవలసిందేనని, అయితే ఎవరైనా చాటుగా బలి ఇచ్చుకుంటే కొంతకాలం చూసీచూడనట్టు పోదామని చెప్పాడట. స్నోర్రి స్టుర్లుసన్ పుట్టింది 1179లో, అంటే ఆ తీర్పు తరువాత ఆరేడు తరాలకు. ఆయన ఎడ్డా అనే తన పుస్తకాన్ని 1220 ప్రాంతంలో రాశాడు. మన తిక్కన బాల్యం, స్నోర్రి ప్రౌఢవయస్సు ఒకే కాలానివని గుర్తు పెట్టుకుంటే ఆ దూరం మనకు సులువుగా అందుతుంది. స్నోర్రి సన్యాసి కాదు, రాజకీయాలలో మునిగి తేలిన పెద్ద భూస్వామి, రెండుసార్లు ఆల్థింగ్‌కు ధర్మవక్తగా ఉన్నవాడు. చివరకు 1241లో నార్వే రాజుతో వచ్చిన విరోధం వల్ల సొంత ఇంటి నేలమాళిగలో హతుడయ్యాడు.

మరి ఎందుకు రాశాడంటే, మతం కోసం కాదు, కవిత్వం కోసం. నార్స్ కవులు వస్తువును సూటిగా పేరు పెట్టి పిలవరు, కథ తెలిస్తే తప్ప అర్థం కాని ముడిమాటలతో చెబుతారు. వాటిని కెన్నింగులు అంటారు. బంగారం అనాలంటే "సిఫ్ జుట్టు" అంటారు, ఎందుకంటే లోకి కొంటెతనంగా థోర్ భార్య సిఫ్ జుట్టు కత్తిరించేస్తే మరుగుజ్జులు ఆమెకు బంగారు జుట్టు చేసి ఇచ్చారని కథ. మనకు ఇది కొత్త కాదు. ముక్కంటి, తుంటవిల్తుడు, గట్టుచూలి అని పద్యంలో వస్తే శివుడు, మన్మథుడు, పార్వతి అని మనం పోల్చుకునేది కథ తెలుసు కాబట్టే. మన్మథుడి చెరకువిల్లు సంగతి ఊళ్ళో అందరూ మరచిపోయారనుకోండి, తుంటవిల్తుడనే మాట ఉన్న పద్యమంతా మూగబోతుంది. స్నోర్రి కాలంలో కుర్రకవులకు అటువంటి స్థితే వచ్చింది. అందుకే ఆయన వారినే ఉద్దేశించి, ఈ దేవతలను క్రైస్తవులు నమ్మకూడదు, అలాగని పాత కవులు వాడిన ఈ కథలను పోగొట్టుకోనూ కూడదు అని తేల్చి చెప్పాడు.

రెండో పుస్తకం ఉంది. దాని పేరు వెనుక ఒక పొరపాటు ఉంది. 1643లో ఐస్లాండ్‌లోని స్కాల్‌హోల్ట్ బిషప్ బ్రిన్‌యోల్వుర్ స్వెయిన్సన్‌కు ఒక చిన్న తోలుపుటల ప్రతి దొరికింది, అది 1270 ప్రాంతంలో రాసినది, దాని నిండా దేవతల పాటలు, వీరుల పాటలు ఉన్నాయి. స్నోర్రి వచనంలో చెప్పిన కథలకు మూలం ఇదేననుకొని ఆయన దానికీ ఎడ్డా అనే పేరు తగిలించాడు. ఆ పేరు నిజానికి స్నోర్రి పుస్తకానిదే. (ఎడ్డా అనే మాటకు ఒక పాత పాటలో ముత్తవ్వ అనే అర్థం ఉంది, పుస్తకం పేరు అందులోంచే వచ్చిందా అన్నది వేరే తగాదా.) ఇప్పుడు మిగిలినవి 45 ఆకులు, మధ్యలో ఎనిమిది ఆకులు పోయాయి, సరిగ్గా సిగుర్డ్ అనే వీరుడి కథ రసపట్టులో ఉన్నచోటనే. 1662లో డెన్మార్క్ రాజుకు కానుకగా వెళ్ళిన ఆ ప్రతి 1971 ఏప్రిల్ 21న ఓడలో ఐస్లాండ్‌కు తిరిగి వచ్చింది.

స్నోర్రి కలిపాడా లేదా అన్నది తేల్చడానికి ఒక్క బాల్డర్ అనే దేవుడి చావు చూడండి. స్నోర్రి చెప్పినదాని ప్రకారం, ప్రపంచంలోని ప్రతి వస్తువూ బాల్డర్‌కు హాని చేయనని ప్రమాణం చేస్తుంది, ఒక్క మిసిల్‌టో అనే బదనిక మొక్క తప్ప. లోకి ఆ సంగతి ఉపాయంగా రాబట్టి, హోడ్ అనే గుడ్డి దేవుడి చేతిలో ఆ పుల్ల పెట్టి విసిరిస్తాడు. పాటల ప్రతిలోని వొలుస్పా అనే పాటలో బదనిక ఉంది, హోడ్ ఉన్నాడు, కానీ ఆ హత్య చెప్పే చోట లోకి పేరు లేదు. డెన్మార్క్‌లో స్నోర్రికి కొద్ది ఏళ్ళ ముందు లాటిన్‌లో చరిత్ర రాసిన సాక్సో దగ్గరికి వెళితే అసలు కథే మారిపోతుంది. అక్కడ హోడ్ గుడ్డివాడు కాదు, మానవ వీరుడు. నన్నా అనే కన్య కోసం బాల్డర్‌తో పోటీ పడి, ఒక ప్రత్యేకమైన కత్తితో అతన్ని చంపుతాడు. లోకి ఊసే లేదు. నా అభిప్రాయంలో ఇందులో ఒకటి అసలు, తక్కినవి నకిలీ అనడం పొరపాటు. ఒకే కథ ఊరికొక తీరుగా నడిచింది, స్నోర్రి తనకు అందిన తీరును నేర్పుగా అతుకులు కనబడకుండా కుట్టాడు. ఆ కుట్టులో ఆయన సొంత దారం కొంత ఉండి తీరుతుంది.

జవాబు: కొత్తపేట రాజు

తాటాకు గారు చెప్పినది చదివితే నాకు తోచేది ఒక్కటే. రాసినవాళ్ళందరూ క్రైస్తవులు, రాసింది రెండు వందల ఏళ్ళ తరువాత, ఒకరి కథకు మరొకరి కథకు పొంతన లేదు. అటువంటప్పుడు దీనిని వైకింగుల పురాణం అనడం కంటే 13వ శతాబ్దపు ఐస్లాండ్ సాహిత్యం అనడం నిజాయితీ కాదా?

జవాబు: బేగూరు బాటసారి

రాజు గారి మాట సగం వరకు ఒప్పుకుంటాను. తక్కిన సగానికి రాళ్ళు అడ్డం వస్తాయి.

థోర్ చేపలవేట కథ తీసుకోండి. హిమిర్ అనే రాక్షసుడితో పడవలో సముద్రం మీదికి వెళ్ళి, ఎద్దు తలను ఎరగా కట్టి, భూమిని చుట్టుకొని ఉన్న మహాసర్పాన్ని గాలానికి తగిలిస్తాడు. ఈ కథ పాటలలోనూ ఉంది, స్నోర్రి వచనంలోనూ ఉంది. అయితే స్నోర్రి ఒక వివరం ఎక్కువ చెబుతాడు: థోర్ బలమంతా పెట్టి లాగేసరికి అతని కాళ్ళు పడవ అడుగును చీల్చుకొని సముద్రపు నేలకు తన్నుకున్నాయట. హిమిర్ పాటలో ఇది లేదు. కాబట్టి ఇది స్నోర్రి చమత్కారమని ఎవరైనా అనుకుంటారు. కానీ స్వీడన్‌లో ఆల్టునా అనే ఊళ్ళో 11వ శతాబ్దపు రూన్ శిల ఒకటి ఉంది. దానిమీద పడవలో ఒక మనిషి, ఒక చేతిలో సుత్తి, కింద గాలపు తాడు, ఎర, పాము, వీటితోపాటు పడవ అడుగు నుంచి కిందికి పొడుచుకు వచ్చిన పాదం స్పష్టంగా చెక్కి ఉన్నాయి. ఆ శిల్పి స్నోర్రి పుట్టడానికి చాలా ముందటివాడు, ఐస్లాండ్‌కు సముద్రం అవతలివాడు. ఇద్దరికీ ఒకే పాదం తెలుసు.

మరొక సంగతి. నేను ఉండేది బేగూరు నాగేశ్వరాలయానికి దగ్గరలో. బెంగళూరు పేరు చెప్పే పాత శాసనం ఆ ఆవరణలోనే ఉంది. మన వైపు వీరగల్లులు చూసినవారికి తెలుసు, చాలా రాళ్ళలో కింది అరలో యుద్ధం, మధ్య అరలో వీరుణ్ణి తీసుకువెళ్ళే అప్సరసలు, పై అరలో శివుడి సన్నిధి ఉంటాయి. ఏ కావ్యమూ చదవకుండానే, యుద్ధంలో చచ్చినవాడు ఎక్కడికి పోతాడని ఆ ఊరివాళ్ళు నమ్మారో ఆ రాయి చెబుతుంది. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో 8, 9 శతాబ్దాల చిత్రశిలలు అచ్చంగా అదే పని చేస్తాయి: కింద తెరచాప ఎత్తిన ఓడ, పైన గుర్రంమీద వచ్చే వీరుడు, అతనికి ఎదురుగా పానపాత్ర పట్టుకొని నిలబడిన స్త్రీ. కొన్నిటిలో ఆ గుర్రానికి ఎనిమిది కాళ్ళు ఉంటాయి. ఎనిమిది కాళ్ళ గుర్రం ఎవరిదో మీ అమ్మాయిని అడగండి, ఓడిన్‌దని వెంటనే చెబుతుంది. ఒకదానికొకటి సంబంధం లేని రెండు దేశాలలో చావును చెక్కిన తీరు ఇలా కలవడం యాదృచ్ఛికమే, నేను దాని నుంచి ఏ సిద్ధాంతమూ లాగడం లేదు.

ఓడిన్ పేరు ఎంత పాతదని అడిగితే, డెన్మార్క్‌లో విండెలెవ్ దగ్గర 2020లో బయటపడిన బంగారు నిధిలో ఒక బిళ్ళ ఉంది. 5వ శతాబ్దపు ఆ బిళ్ళమీద ఒకరిని "ఓడిన్ మనిషి" అని చెప్పే రూన్ రాత ఉన్నట్టు 2023లో చదివి ప్రకటించారు. 13వ శతాబ్దపు సాహిత్యం అని కొట్టివేయడానికి వీలులేనిది ఇదీ.

జవాబు: తాటాకు

బాటసారి గారు శిలలు చెప్పారు కాబట్టి పద్యాల సంగతి నేను కలుపుతాను. బ్రాగి, థ్యోడోల్వ్ వంటి ఆస్థానకవులు క్రైస్తవం రాకముందువారు, అంటే 9, 10 శతాబ్దాలవారు. ఐస్లాండ్‌లో పుస్తకాలకు ఎక్కేదాకా వారి పద్యాలు నోటనే ఎలా నిలిచాయంటే, వాటి ఛందస్సు మహా కఠినం. పాదానికి ఆరు అక్షరాలు, పాదాలను కలిపే ఆద్యక్షరాల మైత్రి, పాదం లోపల ప్రాసలు. యతి, ప్రాస కుదరకపోతే పద్యంలో మాట మార్చిన సంగతి మనకు ఎలా దొరికిపోతుందో అక్కడా అంతే. అప్పజెప్పేవాడికి మతం మారిందని పద్యం మారదు.

వైట్‌ఫీల్డ్ వాసి

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మూలగ్రంథాల సంగతి బాగా తెలిసింది. మరి అసురుల మాటేమిటి? ఆ పెద్దాయనను నొప్పించకుండా ఏమని చెప్పను?

జవాబు: పదాల పెట్టె

గ్రంథాల మూలం వేరు, కథల మూలం వేరు. రెండోదానికి పుస్తకాలు చాలవు, భాషను తవ్వాలి.

ఏసిర్, అసుర అనే మాటలకు ఒకే ధాతువు ఉందని కొందరు భాషావేత్తలు అంటారు, అందరూ ఒప్పుకోరు. ఒప్పుకున్నా పెద్దాయన వాదం నిలబడదు, ఎందుకంటే ఋగ్వేదంలో అసుర శబ్దం వరుణుడి వంటి దేవతలకు గౌరవంగా వాడినది, రాక్షసుడనే అర్థం తరువాతిది. ఆయనకు ఓదార్పుగా ఒక మాట చెప్పవచ్చు: పేరు పోలికను పట్టుకొని వలస కథ అల్లినవారిలో ఆయన మొదటివారు కారు. స్నోర్రి ఎడ్డా ముందుమాటలోనే ఏసిర్ అంటే ఆసియా నుంచి వచ్చినవాళ్ళని, ట్రాయ్ రాజవంశం వాళ్ళని రాసి ఉంది.

గట్టి పోలికలు వేరే ఉన్నాయి. టీర్ అనే దేవుడి పేరు, మన "దేవ" శబ్దం ఒకే పూర్వపదం నుంచి వచ్చినవి. థోర్ అంటే ఉరుము. ఆ మాటకు చుట్టం మన "స్తనయిత్ను" అనే ఉరుము పేరు. సృష్టి కథలో యిమిర్ అనే ఆదిమ జీవిని చంపి అతని మాంసంతో నేలను, నెత్తుటితో సముద్రాన్ని, ఎముకలతో కొండలను, పుర్రెతో ఆకాశాన్ని చేస్తారు. పురుషసూక్తం విన్నవారికి ఇది వింతగా ఉండదు. యిమిర్ పేరును యమ శబ్దంతో, అంటే కవల అనే అర్థంతో, కలపడం చాలామంది ఒప్పుకున్నదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక బెణుకు మంత్రం. జర్మనీలో మెర్సెబుర్గ్ చర్చి గ్రంథాలయంలో 1841లో దొరికిన 10వ శతాబ్దపు రాతలో, అడవికి వెళ్ళేటప్పుడు బాల్డర్ గుర్రం కాలు బెణికితే ఓడిన్ ఎముకకు ఎముక, నెత్తురుకు నెత్తురు, అవయవానికి అవయవం అతుక్కొమ్మని మంత్రిస్తాడు. అథర్వవేదం నాలుగో కాండలో విరిగిన అవయవానికి చెప్పిన మంత్రంలో మజ్జకు మజ్జ, చర్మానికి చర్మం, మాంసానికి మాంసం కూడుకొమ్మని ఉంటుంది. ఒకరి దగ్గర మరొకరు నేర్చుకున్నారనడానికి ఆధారం లేదు. పెద్దాయనతో, వాళ్ళు మనకు మనుమలూ కారు, తాతలూ కారు, పొత్తు విడిపోయిన దాయాదులు అని చెప్పండి. ఆయన కూడా కాదనలేరు.

వైట్‌ఫీల్డ్ వాసి

దాయాదులు అనే మాట ఆయనకు తప్పక నచ్చుతుంది, ఊళ్ళో పొలం తగాదా ఇంకా నడుస్తోంది. అరగంటలో ఇవన్నీ పట్టవు కాబట్టి ఆల్టునా శిల బొమ్మతో మొదలుపెట్టి, బెణుకు మంత్రం దగ్గర ఆపుతాను. పడవ కింద పాదం ఎక్కడుందో మా అమ్మాయి నాకంటే ముందే కనిపెట్టింది.