బొగ్గు పొరల రాళ్లలో దొరికే ఆకులన్నీ ఫెర్న్‌లేనా?

షేల్‌పిచ్చి: పాత బొగ్గు గని పక్కన పోసిన రాళ్ల గుట్టలో శిలాజాలు ఏరుకోవడానికి పర్మిషన్ దొరికింది. నల్లటి షేల్ (బురద గట్టిపడి ఏర్పడ్డ పొరల రాయి) పలకల్ని చీలిస్తే ఫెర్న్ ఆకుల్లాంటివి బోలెడు. కార్బొనిఫెరస్ కాలంవి, సుమారు 31 కోట్ల ఏళ్ల నాటివట. తెలిసినవాళ్లు ఒకరు చూసి వీటిలో చాలావరకు ఫెర్న్‌లే కావు, విత్తనాల మొక్కలు అన్నారు. అచ్చం ఫెర్న్‌లాగే ఉన్నాయి కదా, ఎలా తేల్చాలి? ఇంకోటి, కొన్ని పలకలు ఆరాక పొరలు పొరలుగా రాలుతున్నాయి, వార్నిష్ కొట్టేయనా?

ఆకుఈనె: ఆయన చెప్పింది నిజమే. ఒకప్పుడు అందరూ వీటిని ఫెర్న్‌లనే అనుకునేవాళ్లు. 1903లో ఆలివర్, స్కాట్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఒక విత్తనం మీదున్న గ్రంథులూ, లైజినోప్టెరిస్ అనే మొక్క కాండం, ఆకుల మీదున్న గ్రంథులూ ఒకటేనని గమనించి, ఫెర్న్‌లాంటి ఆకులున్న ఆ మొక్కకి విత్తనాలు కాసేవని తేల్చారు. మీరు ముందు చిట్టి ఆకు మొదలు చూడండి. నడిమి కాడకి ఒక్క బిందువు దగ్గరే అతుక్కుని, మొదలు గుండ్రంగా ఉంటే న్యూరోప్టెరిస్. మొదలు వెడల్పుగా ఉండి కిందికి జారి పక్క ఆకుని తాకుతుంటే అలెథోప్టెరిస్. రెండూ విత్తనాల మొక్కలవే. మొదలంతా అతుక్కుని, అంచులు సమాంతరంగా సాగితే పెకోప్టెరిస్, అది ఎక్కువగా చెట్టంత పెరిగిన అసలు ఫెర్న్‌లది.

రాతిపలక: ఆకారం ఒక్కటే నమ్మొద్దు. ఫెర్న్‌లకి విత్తనాలుండవు, సిద్ధబీజాలే; ఆకు అడుగువైపు వాటి సంచులు, అంటే సిద్ధబీజాశయాల గుత్తులు కనిపిస్తేనే ఫెర్న్ అని గట్టిగా అనొచ్చు. లేకపోతే లేబుల్ మీద ఆకు పేరు రాసి వదిలేయండి, ఎందుకంటే పెకోప్టెరిస్ లాంటివి ఆకు ఆకారానికి పెట్టిన పేర్లే, మొత్తం మొక్కవి కావు.

వార్నిష్ మాత్రం వద్దు! మెరుపు వచ్చి ఈనెలు కనపడవు, తర్వాత తియ్యాలన్నా నరకం. తడి పలకల్ని ఎండలో పెట్టకుండా కాగితంలో చుట్టి నెమ్మదిగా ఆరనివ్వండి. అప్పటికీ రాలుతుంటే పారలాయిడ్ బి-72 అనే పారదర్శక యాక్రిలిక్ రెసిన్‌ని అసిటోన్‌లో పల్చగా కలిపి పూయండి, అవసరమైతే మళ్లీ అసిటోన్‌తోనే తీసేయొచ్చు. పసుపు, తెలుపు పొడి కనిపిస్తే అది రాయిలోని పైరైట్ (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం) కుళ్లుతున్నట్టు, వాటిని తేమ తగలని డబ్బాలో వేరుగా పెట్టాలి. చీలిన రెండు ముక్కలూ దాచండి, ఒకదాని మీద లేని ఈనె రెండోదాని మీద ఉంటుంది. ఎక్కడ దొరికిందో అక్కడే రాసుకోండి, ఇంటికొచ్చాక ఏదీ గుర్తుండదు.

షేల్‌పిచ్చి: థ్యాంక్స్ అండి. ఒక పలక మీద న్యూరోప్టెరిస్ ఆకు, దాని పక్కనే మూడు గట్లున్న గింజ ఉంది. ఆ గింజ దానిదేనని రాయొచ్చా?

ఆకుఈనె: ట్రైగొనోకార్పస్ (అలాంటి మూడు గట్ల విత్తన శిలాజాల పేరు) అయ్యుంటుంది, మంచిదే దొరికింది. కానీ ఆకుకి అతుక్కుని లేకపోతే అలా రాయకండి. అప్పట్లో వరద నీరు రకరకాల మొక్కల చెత్తని ఒకేచోటికి తోసేసేది. "ఒకే పలక మీద ఉన్నాయి" అని రాస్తే చాలు. ఫోటో పెట్టండి, పక్కన స్కేలు ఉండాలి.