తట్టు సోకిన పిల్లవాడు కూర్చున్న హాలులోనే మేమూ కూర్చున్నాం

వెన్నెల_తల్లి (సోమవారం, సాయంత్రం 6:20)
శనివారం ఉదయం పది గంటలకు మేము ఆసుపత్రి వెయిటింగ్ హాలులో కూర్చున్నాం. అంతకు అరగంట ముందే అక్కడి నుంచి వెళ్లిపోయిన ఒక పిల్లవాడికి తట్టు నిర్ధారణ అయిందని ఇప్పుడే ఫోను చేసి చెప్పారు. నాలుగేళ్ల బాబుకు రెండు డోసులూ పడ్డాయి. పాపకు ఎనిమిది నెలలు, ఇంకా టీకా పడలేదు. మాతో వచ్చిన చెల్లెలు ఐదు నెలల గర్భిణి. ఎవరికి ఏం చేయాలో, ఎన్నాళ్లు ఇంట్లో ఉంచాలో దయచేసి చెప్పండి.

ఇద్దరు_కొడుకులు
మనిషి వెళ్లిపోయాక కూడా ఆ వైరస్ రెండు గంటల దాకా గాలిలో నిలుస్తుంది కాబట్టి, మీరు ఆ పిల్లవాణ్ణి చూడకపోయినా జాగ్రత్తపడాల్సిందే. ముందుగా ఫోను చేయకుండా మాత్రం ఆసుపత్రిలో అడుగుపెట్టకండి. మా పెద్దవాడికి జ్వరం, దగ్గు వచ్చి కళ్లు ఎర్రబడితే జలుబే అనుకుని, కిక్కిరిసిన హాలులో గంటన్నర కూర్చోబెట్టాను. మూడో రోజున జుట్టు మొదళ్ల దగ్గర, చెవుల వెనుక మొదలైన దద్దుర్లు ముఖం మీదుగా ఒంటికి దిగాయి. దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుకుంటుందని అప్పుడే తెలిసింది. ఆ రోజు మా పక్కన పసిబిడ్డను ఒడిలో పెట్టుకుని కూర్చున్న ఆవిడ ఇప్పటికీ నా కళ్లలో మెదులుతూనే ఉంది.

నిదానం
అంత కంగారు అక్కర్లేదు. టీకాకు 72 గంటల గడువుంది. మీకు ఇవాళే తెలిసింది కాబట్టి గురువారం దాకా సమయం ఉన్నట్టే.

పదహారేళ్ల_అనుభవం
నిదానం గారూ, ఆ మాట వెంటనే వెనక్కి తీసుకోండి. పదహారేళ్లుగా పిల్లలకు టీకాలు వేస్తున్నాను. గడువు ఆ గాలి పీల్చిన క్షణం నుంచి మొదలవుతుంది, ఫోను మోగినప్పటి నుంచి కాదు. అంటే రేపు ఉదయం పదికి ముగుస్తుంది. ఆరు నెలలు నిండాయి కనుక పాపకు వేయవచ్చు. అయితే ఈ డోసు లెక్కలోకి రాదు, మామూలుగా వేయాల్సిన రెండు డోసులూ తర్వాత వేయించాలి.

నిదానం
అనుభవం ఉన్నంత మాత్రాన అందరిమీదా కసురుకోవాలా? మా అమ్మాయికి నాలుగో రోజున వేశారు, తట్టు రాలేదు.

పదహారేళ్ల_అనుభవం
రాకపోవడం మీ అదృష్టం, అంతే. రక్షణ లేనివారిలో దగ్గరగా మెలిగిన పదిమందిలో తొమ్మిదిమందికి దాకా సోకే జబ్బు ఇది. ఆలస్యంగా వేసిన టీకా ముందుముందు కాపాడుతుంది కానీ, ఈసారి అడ్డుకుంటుందని చెప్పలేం. గడువు దాటిన పసిపిల్లలకు ఆరు రోజుల లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ (జబ్బును ఎదుర్కొనే యాంటీబాడీలున్న మందు) ఇస్తారు. ఒక తల్లి మీ మాట నమ్మి గురువారం దాకా ఆగితే ఆ బాధ్యత ఎవరిది?

తులసికోట
గొడవ ఆపి, విటమిన్ ఎ వెంటనే మొదలుపెట్టమని ఆమెకు చెప్పండి.

ఇద్దరు_కొడుకులు
తులసికోట గారూ, అది తట్టు వచ్చినవారికి డాక్టరు వయసును బట్టి వరుసగా రెండు రోజులు ఇచ్చేది. రాకుండా ఆపదు, మోతాదు మించితే హాని చేస్తుంది. మా వాడికీ అలాగే ఇచ్చారు.

వెన్నెల_తల్లి (మంగళవారం, ఉదయం 9:05)
రాత్రే ఫోను చేశాం. ఉదయం మమ్మల్ని లోపలికి రానివ్వకుండా, మాస్కు పెట్టుకున్న నర్సు గారే పక్క గుమ్మం దగ్గరికి వచ్చి ఎనిమిదింపావుకు పాపకు టీకా వేశారు. కానీ చెల్లెలి సంగతి ఇక్కడ ఒక్కరూ చెప్పలేదు.

పదహారేళ్ల_అనుభవం
వాదనలో పడి మరిచాను, క్షమించండి. గర్భిణికి ఈ టీకా వేయకూడదు. రెండు డోసులు పడినట్టు కార్డు లేకపోతే ఇవాళే రక్తంలో యాంటీబాడీలు చూపించండి. లేవని తేలితే శుక్రవారం ఉదయం లోపు సెలైన్‌లా నరంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తారు. అది తీసుకున్నవారిని, జబ్బు వస్తుందేమోనని మామూలుగా చూసే 21 రోజులకు బదులు 28 రోజులు గమనించాలి. బాబుకు రెండు డోసులు పడ్డాయి కనుక బడి మాన్పించనక్కర్లేదు. పాప విషయంలో ఒక జాగ్రత్త: టీకా వల్ల కూడా వారం, పన్నెండు రోజుల మధ్య జ్వరం, దద్దుర్లు రావచ్చు. అప్పుడు అది టీకాదో తట్టుదో మీరే తేల్చుకోకుండా, ఫోను చేసి, ఆ హాలులో కూర్చున్న తేదీ, టీకా వేసిన తేదీ రెండూ చెప్పండి.

వెన్నెల_తల్లి
చెల్లెలి కార్డు ఎక్కడా దొరకలేదు. రక్తం ఇవ్వడానికి బయలుదేరుతున్నాం, ముందుగా ఫోను చేసే వెళ్తున్నాం.