అనంతగిరి ఫొటోలకు ‘టెరిడోఫైటా’ అని రాయాలా, వద్దా?

అరకు బాట: విశాఖ మొక్కల బృందం ఫొటోలకు చీటీలు రాస్తున్నాను. సెలాజినెల్లాకూ ఫెర్న్‌లకూ కలిపి ‘టెరిడోఫైటా’ (నాళాలుండి విత్తనాలు లేని మొక్కల పాత విభాగం) అనే రాయాలని మాస్టారి పట్టు. ఆ విభాగాన్ని ఇప్పుడు వాడటం లేదు కదా?

హెర్బేరియం మాస్టారు: ఎవరు రద్దు చేశారు? దారువు (నీరు మోసే కణజాలం) ఉంది, విత్తనం లేదు, సిద్ధబీజదం (సిద్ధబీజాలు, అంటే స్పోర్లు, ఇచ్చే తరం), సంయోగబీజదం (అండం, శుక్రకణం ఇచ్చే తరం) దేనికదే బతుకుతాయి. ఇంకేం కావాలి?

జన్యుపటం: పోలికలుంటే చుట్టాలైపోరు. సెలాజినెల్లా చేరే లైకోఫైట్ల గుంపు 40 కోట్ల ఏళ్లకు ముందే వేరుపడింది. ఫెర్న్‌కు సెలాజినెల్లాకన్నా మామిడిచెట్టే దగ్గరి బంధువు. క్లోరోప్లాస్ట్ డీఎన్ఏలో సుమారు 30 వేల బేస్ జతల ముక్క ఫెర్న్‌లలో, విత్తన మొక్కలలో తిరగబడి ఉంటుంది. లైకోఫైట్లలో మాత్రం, నాళాలు లేని మార్కాన్షియా మొక్కలో ఉన్నట్టే, తిరగబడకుండా ఉందని 1992లోనే తేలింది. 2016లో శాస్త్రవేత్తల బృందం ఇచ్చిన పీపీజీ వర్గీకరణలోనూ లైకోఫైట్లు, ఫెర్న్‌లు రెండు వేరు తరగతులు. పైగా సెలాజినెల్లా సంయోగబీజదం సిద్ధబీజం గోడలోనే పెరుగుతుంది. ‘దేనికదే’ ఎలా అవుతుంది?

హెర్బేరియం మాస్టారు: స్త్రీ సంయోగబీజదం గోడ చీల్చుకుని బయటికి తొంగిచూస్తుంది. మైక్రోస్కోపులో చూసి మాట్లాడండి.

జన్యుపటం: తొంగిచూడటం విడిగా బతకడమా?

బీచ్‌రోడ్డు: ఆ గోడ వదిలేయండి బాబూ.

హెర్బేరియం మాస్టారు: వదలను. సైలోటం అనే మొక్కకు వేళ్లు లేవని, శిలాజంగా దొరికే రైనియా కాలపు మొక్కన్నారు, తరవాత ఫెర్న్‌లలో కలిపారు. రేపు ఎక్కడ పెడతారో!

జన్యుపటం: పైపై రూపం చూసి చెప్పినందుకే ఆ పొరపాటు.

గాజువాక వాసి: మా అమ్మాయి లైకోఫైట్లు వేరని రాస్తే మార్కులు కోసేశారు. దిద్దినవారూ ఈ మాస్టారి లాంటివారే అయ్యుంటారు.

హెర్బేరియం మాస్టారు: అనండి, ఇంకా అనండి! జలగలు పట్టినా ఘాట్లన్నీ తిరిగి, ఎండబెట్టిన మొక్కలను హెర్బేరియం షీట్లకు అతికించినవాణ్ణి. ఇప్పుడొచ్చేవారు ఆకు నలిపి ట్యూబులో వేస్తారు, దాన్ని వెనక్కి తిప్పి సిద్ధబీజాశయాలు చూడరు. నా బీరువా తెరిచే దిక్కు లేదు.

జన్యుపటం: బాధ ఇదన్నమాట. మాస్టారూ, ఆ షీట్ల నుంచే మేం డీఎన్ఏ తీస్తాం, వాటి మీద నాకు పేచీ లేదు. వర్గీకరణ వంశం చెప్పాలంటాను, అంతే. 19వ శతాబ్దపు శాస్త్రవేత్తలు బెంథామ్, హుకర్ తమ వర్గీకరణలో వివృతబీజాలను (సైకస్ లాంటివాటిని) ద్విదళబీజాలకూ ఏకదళబీజాలకూ మధ్య పెట్టారు. అంతమాత్రాన సైకస్ వాటి మధ్య పుట్టిందా?

హెర్బేరియం మాస్టారు: వంశం మీరు రాసుకోండి. కొండ మీద మొక్కను గుర్తుపట్టడానికి నాకు వర్గీకరణ కావాలి. మన హెర్బేరియంలు ఎన్నో ఇప్పటికీ బెంథామ్, హుకర్ వరుసలోనే ఉన్నాయి. వెతికితే దొరుకుతున్నాయి కదా?

అరకు బాట: అయ్యా, నా చీటీ?

హెర్బేరియం మాస్టారు: ముందు అది సెలాజినెల్లాయేనా? ఆకు మొదట్లో లిగ్యూల్ అనే చిన్న పొలుసు ఉండాలి, దాని చుట్టం లైకోపోడియంకు ఉండదు. లెన్సుతో చూశారా?